ఇంటి లేత్ మీద చిన్న పనులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న బెంచ్ లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్) పెట్టుకున్నాను. 20 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మెత్తటి ఉక్కు) రాడ్డును టర్నింగ్ చేసినంతసేపూ, అంటే చుట్టూ చెక్కినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. పార్టింగ్ టూల్‌తో ముక్క కోయబోయేసరికి మాత్రం మిషన్ మొత్తం దడదడలాడి, టూల్ రాడ్డులోకి దిగబడి విరిగిపోతోంది. ఎంత నెమ్మదిగా తోసినా అంతే. లోపం మిషన్‌దా, నాదా?
– విశ్రాంత ఉద్యోగి, మల్కాజ్‌గిరి

జవాబు: చిన్న లేత్ కొన్న చాలామందికి తగిలే మొదటి ఎదురుదెబ్బ ఇదే. టర్నింగ్‌లో టూల్ మొన మాత్రమే లోహాన్ని తాకుతుంది. పార్టింగ్‌లో టూల్ వెడల్పంతా ఒకేసారి కోస్తుంది, పైగా ఆ టూల్ సన్నగా ఉండి, హోల్డర్ నుంచి ముందుకు చాచుకొని ఉంటుంది. కార్ఖానాలోని బరువైన లేత్ ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది గానీ, బల్ల మీది మిషన్‌లో టూల్‌ను జరిపే స్లైడ్ల మధ్య ఉన్న కొద్దిపాటి వదులు కూడా అక్కడే బయటపడుతుంది. కనుక మిషన్‌ను అమ్మేద్దామనుకునే ముందు, వదులు ఎక్కడెక్కడ ఉందో వెతకడం మంచిది.

అన్నిటికంటే ముందు టూల్ ఎత్తు చూడండి. మిషన్ ఆపి, ప్లగ్గు కూడా తీసేసి, పలుచని స్టీలు స్కేలును రాడ్డుకూ టూల్ మొనకూ మధ్య నిలువుగా పట్టుకొని, స్కేలు జారిపోకుండా నిలిచేటంత మేరకే క్రాస్ స్లైడ్‌ను (టూల్‌ను రాడ్డువైపు జరిపే భాగాన్ని) ముందుకు తిప్పండి. చెయ్యి వదిలేశాక స్కేలు నిటారుగా నిలబడితే టూల్ మొన రాడ్డు కేంద్రానికి సరిగ్గా ఎదురుగా ఉన్నట్టు. స్కేలు పైకొస మీవైపు వాలితే టూల్ కేంద్రానికి కిందుగా ఉన్నట్టు. అవతలివైపు వాలితే పైగా ఉన్నట్టు. కిందుగా ఉన్నప్పుడు రాడ్డు టూల్ మీదికి ఎక్కజూస్తుంది, మీరు చెప్పిన దిగబడటం సాధారణంగా అలాగే మొదలవుతుంది. పైగా ఉంటే కోసే అంచు లోహాన్ని అందుకోకముందే దాని కింది భాగం రాడ్డుకు రాసుకుంటుంది. ఎత్తు పెంచడానికి టూల్ కింద పాత ఫీలర్ గేజి (సందులు కొలిచే సాధనం) రేకులు పెట్టవచ్చు. అట్టముక్కలు మాత్రం వద్దు, అవి ఒత్తిడికి అణిగి మళ్లీ మొదటికి తెస్తాయి.

తరువాత, టూల్ బయటికి చాచిన పొడవు రాడ్డు వ్యాసార్ధం కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండాలి. అంటే మీ 20 మిల్లీమీటర్ల రాడ్డుకు 12 మిల్లీమీటర్లు చాలు. కోత చక్‌కు (రాడ్డును పట్టి తిప్పే భాగానికి) వీలైనంత దగ్గరగా పడాలి. కారేజ్‌ను (స్లైడ్లను మోసే బండిని) బెడ్‌కు లాక్ చేయాలి. స్లైడ్ల పక్కనుండి వదులును తగ్గించే జిబ్ స్క్రూలను, హ్యాండిల్ కాస్త బరువుగా తిరిగేదాకా బిగించాలి. కొత్త మిషన్‌కు వీటిని సరిచేసే పంపారని నమ్మవద్దు.

వేగం లెక్క సులువే. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీలు) టూల్‌తో ఎం.ఎస్.కు నిమిషానికి సుమారు 25 మీటర్ల కోత వేగం సరిపోతుంది. 25ను 1000తో హెచ్చవేసి, వచ్చినదాన్ని వ్యాసానికి 3.14 రెట్లతో భాగిస్తే మీ రాడ్డుకు దాదాపు 400 ఆర్.పి.ఎం. (నిమిషానికి చుట్లు) వస్తుంది. పార్టింగ్‌కు అందులో సగమో, ఇంకా తక్కువో పెట్టుకోండి. మీరు ‘ఎంత నెమ్మదిగా తోసినా’ అని రాసిన మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. భయంభయంగా తోస్తే టూల్ కోయకుండా లోహం మీద రుద్దుకుంటుంది, మొన మొద్దుబారుతుంది, ఆ వెంటనే వణుకు మొదలవుతుంది. కటింగ్ ఆయిల్ పోస్తూ, చిప్ (కోతలో వచ్చే లోహపు పొట్టు) తెగకుండా చుట్టలా వస్తూ ఉండేలా, ఒకే తీరున తోయాలి.

ఇవన్నీ చేశాక కూడా మిషన్ కొట్టుకుంటూనే ఉంటే, క్రాస్ స్లైడ్ అవతలి చివర మరో టూల్ పోస్ట్ (టూల్‌ను పట్టే దిమ్మె) బిగించి, పార్టింగ్ టూల్‌ను తలకిందులుగా అమర్చి వెనుకనుంచి కోసే పద్ధతి ఉంది. దానికి కావలసిన దిమ్మెను మీరే చేసుకోవచ్చు. అయితే ఒకటి రెండు ముక్కల కోసం ఇంత తతంగం అక్కరలేదనే నా అభిప్రాయం. మిషన్ ఆపి, రాడ్డును హాక్సాతో కోసి, తెగిన ముఖాన్ని ఫేసింగ్ (లేత్ మీద చదును) చేసుకుంటే పని ముగుస్తుంది.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం విద్యార్థిని. మా మామయ్య గారి చిన్న లేత్ మీద ఏదైనా స్వయంగా చేయాలని ఉంది. వీడియోలలో చూపించే చిన్న ఆవిరి ఇంజన్‌తో మొదలుపెట్టవచ్చా? ఇంకొక సందేహం: ఎం8 మర (8 మిల్లీమీటర్ల మెట్రిక్ మర) కోసం 6.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) తిప్పితే ట్యాప్ విరిగిపోయింది. ఎందుకు?
– విద్యార్థి, తార్నాక

జవాబు: రెండవదానితో మొదలుపెడదాం. మెట్రిక్ మరకు రంధ్రం కొలత తెలియాలంటే వ్యాసంలోనుంచి పిచ్‌ను (మరలో పక్కపక్క చుట్ల మధ్య దూరాన్ని) తీసివేయాలి. ఎం8 సాధారణ మరకు పిచ్ 1.25 గనుక 6.75 వస్తుంది, అందుకు వాడే డ్రిల్ బిట్ 6.8. అదే పద్ధతిలో ఎం6కు 5, ఎం10కు 8.5. మీరు వేసిన 6.5లో ట్యాప్ తీయవలసిన లోహం బాగా పెరిగింది. తేడా చూడటానికి చిన్నదే గానీ ట్యాప్‌కు చాలా పెద్దది. దానికితోడు ట్యాప్ వాలిపోయి ఉంటుంది. సగం చుట్టు ముందుకు తిప్పి, చిప్ తెగేలా కాస్త వెనక్కి తిప్పుతూ, నూనె వేస్తూ సాగాలి.

ఆ వాలు రాకుండా చేసే దిమ్మెనే మీ మొదటి పనిగా పెట్టుకోండి. 25 మిల్లీమీటర్ల ఎం.ఎస్. రాడ్డు ముక్కను త్రీ జా (మూడు దవడల) చక్‌లో పట్టి, ముఖాన్ని ఫేసింగ్ చేసి, సెంటర్ డ్రిల్‌తో గుర్తు పెట్టి, టెయిల్ స్టాక్‌లోని (చక్‌కు ఎదురుగా ఉండే భాగంలోని) 8 మిల్లీమీటర్ల డ్రిల్‌తో అవతలిదాకా రంధ్రం వేయండి. ఈ మొత్తం పని ముక్కను చక్ నుంచి కదపకుండా ఒకే పట్టులో జరగాలి. త్రీ జా చక్ ఎంత మంచిదైనా, తీసి మళ్లీ పట్టిన ముక్క అదే కేంద్రం మీద తిరగదు, మిల్లీమీటరులో ఐదు వందవ వంతులో పది వందవ వంతులో పక్కకు జరుగుతుంది. ఒకే పట్టులో చేస్తే చక్‌లోని ఆ లోపం మీ పనిలోకి రాదు, రంధ్రం ముఖానికి నిలువుగా వస్తుంది. ఆ ముఖానికి రంగు పూసి గుర్తుపెట్టుకొని, అదే పనిముక్కకు ఆనేలా దిమ్మెను పెట్టి, రంధ్రంలోనుంచి ట్యాప్‌ను దింపితే అది నిటారుగా నిలుస్తుంది.

దీని తరువాత ఇత్తడి తల సుత్తి చేయండి. అందులో టర్నింగ్, నర్లింగ్ (పట్టు కోసం గరుకు గాట్లు వేయడం), మర తీయడం మూడూ వస్తాయి. ఆవిరి ఇంజన్‌లో సిలిండరూ పిస్టనూ ఒకదానిలో ఒకటి ఇమడాలి గనుక దానిని అప్పటిదాకా వాయిదా వేయడమే మేలు. పద్ధతిగా నేర్చుకోదలిస్తే, 1968లో హైదరాబాద్ బాలానగర్‌లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో స్వల్పకాలిక కోర్సులు కూడా ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి అపార్ట్‌మెంట్ బాల్కనీలో చిన్న లేత్ పెట్టాడు. చేతికి గ్లవ్స్ వేసుకోమంటే వినడు. మీరైనా చెప్పండి.
– గృహిణి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, ఈ ఒక్క విషయంలో మీ అబ్బాయిదే సరైన మాట. తిరిగే చక్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు. బట్ట చిక్కుకుంటే దానితోపాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది. పొడవు చేతుల చొక్కా, ఉంగరం, మెడలో గొలుసు, చేతికి దారం కూడా అంతే ప్రమాదం. మీరు గట్టిగా అడగవలసింది వేరే ఉంది: రక్షణ కళ్లద్దాలు పెట్టుకుంటున్నాడా, చక్ తాళంచెవిని, చక్ బిగించిన వెంటనే చేత్తో తీసేస్తున్నాడా, చిప్స్‌ను వేళ్లతో కాకుండా బ్రష్షుతో తీస్తున్నాడా. మిషన్‌కు ఎర్త్ ఉండాలి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) ఉండాలి. బాల్కనీలో వానజల్లు పడుతుంది గనుక ఈ రెండింటిలో రాజీ వద్దు. కింది వాటా వారి కోసం మిషన్ కాళ్ల కింద మందపాటి రబ్బరు షీటు వేయించండి.

ప్రశ్న: మా వీధిలో కడుతున్న ఇళ్ల దగ్గర మిగిలిన ఇనుప కడ్డీ ముక్కలు చవకగా దొరుకుతున్నాయి. లేత్ మీద సాధనకు పనికొస్తాయా?
– చిరుద్యోగి, ఉప్పల్

జవాబు: పనికిరావు. ఇళ్లకు వాడే టి.ఎం.టి. కడ్డీని తయారీలోనే ఎర్రగా ఉన్నప్పుడు నీటితో చల్లబరుస్తారు గనుక, లోపలి భాగం మెత్తగా ఉన్నా పైపొర గట్టిపడి ఉంటుంది. పైగా ఆ గాట్ల మీద టూల్ మొనకు ప్రతి చుట్టులోనూ దెబ్బ తగులుతుంది. లారీ కమాను పట్టీలూ అంతే, వాటిని కొలిమిలో మెత్తబరచకుండా చిన్న లేత్ మీద పెట్టవద్దు. గిన్నెల స్టెయిన్‌లెస్ స్టీలు కోత కొద్దిగా ఆగినా అక్కడికక్కడే గట్టిపడుతుంది గనుక కొత్తవారి చేతికి అది లొంగదు. రాణిగంజ్‌లోనో బాలానగర్‌లోనో బ్రైట్ బార్ (నునుపుగా తయారైన ఉక్కు రాడ్డు) అడిగి మీటరు ముక్క తెచ్చుకోండి. బాలానగర్ టర్నింగ్ షాపులలో మిగిలిన ఇత్తడి, అల్యూమినియం తుంటలను తూకానికి అడిగినా ఇస్తారు. అల్యూమినియం టూల్ మొనకు అంటుకుంటుంటే నాలుగు చుక్కలు కిరోసిన్ వేయండి, మంట దరిదాపుల్లో లేకుండా చూసుకొని.