మీ ప్రశ్న – మా జవాబు: ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ చదవాలంటే

ప్రశ్న: మారతహళ్లిలో ఎనిమిదేళ్లుగా స్కూల్లో సైన్సు చెబుతున్నాను. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లోకి, అంటే కోర్సులు, ట్రైనింగులు రూపొందించే పనిలోకి మారదామని ఒక అమెరికా యూనివర్సిటీ ఆన్‌లైన్ మాస్టర్స్ చూస్తున్నాను. ఉద్యోగం మానకుండా చదవగలనా? అసలు ఏం నేర్పుతారు?
— ఒక టీచరు, బెంగళూరు

జవాబు: ముందు గంటల లెక్క తేల్చుకోండి. ఈ మాస్టర్స్‌కు సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు, ఒక్కో సబ్జెక్టుకు 3. క్రెడిట్‌కు 45 గంటల పని వేసుకుంటే సబ్జెక్టుకు 135 గంటలు. 15 వారాల సెమిస్టరైతే వారానికి 9 గంటలు, స్కూలు చూసుకుంటూ లాగించవచ్చు. అదే సబ్జెక్టు 8 వారాల టర్మ్‌లో పెడితే దాదాపు 17 గంటలు. అలాంటివి రెండు ఒకేసారి తీసుకుంటే పేపర్లు దిద్దే నెలలో చేతులెత్తేస్తారు.

లైవ్ క్లాసులున్నాయేమో అడగండి. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 7కి మొదలయ్యే క్లాసు మనకు వేసవిలో తెల్లవారుజామున 4:30. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 5:30. రెండున్నర గంటల క్లాసైతే 8కి వదులుతారు. ఆపాటికి మీరు స్కూలు గేటు దగ్గరుండాలి కదా!

ఇక చదువు. మొదట వచ్చేది యాడీ. 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం కోసం తయారుచేసిన పద్ధతి ఇది: విశ్లేషణ, డిజైన్, తయారీ, అమలు, మదింపు. టీచర్లు తడబడేది మొదటి మెట్టు దగ్గరే. స్కూల్లో సిలబస్ చేతికి వస్తుంది, కంపెనీలో అసలు ట్రైనింగ్ అవసరమా అన్నది మీరే తేల్చాలి. ఫారంలో బటన్ కనబడక తప్పులు వస్తుంటే మార్చాల్సింది ఫారాన్ని, దానికి కోర్సెందుకు?

తర్వాత లక్ష్యం రాయడం. ‘ఉద్యోగి క్లెయిమ్ విధానం అర్థం చేసుకుంటాడు’ అని రాస్తే ప్రొఫెసర్ కొట్టేస్తారు, అర్థమైందని కంటితో చూడలేం కాబట్టి. ‘మూడు బిల్లులు, పాలసీ పేజీ ఇస్తే, పది నిమిషాల్లో తప్పు లేకుండా క్లెయిమ్ ఫారం నింపుతాడు’ అనండి. పరిస్థితి, పని, కొలత మూడూ వచ్చాయి. పరీక్ష ప్రశ్న కూడా అందులోనే దొరికింది: మూడు బిల్లులు ఇచ్చి ఫారం నింపించడమే. ఈ ఒక్కటి చేయి తిరిగితే సగం కోర్సు అయినట్టే.

స్లైడు మీద ఉన్న వాక్యాన్నే గొంతుతో చదివించడం కొత్తవాళ్ల అలవాటు. కన్ను ఒక వేగంతో, చెవి ఒక వేగంతో పోతాయి, రెండూ తికమకపడతాయి. గొంతు వివరిస్తున్నప్పుడు తెర మీద బొమ్మ, రెండు మూడు మాటలు చాలు.

తయారైన మాడ్యూల్‌ను (కోర్సు భాగాన్ని) ఎల్ఎంఎస్‌లో, అంటే ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో పెట్టేటప్పుడు ఎక్కువగా వచ్చే తంటా జిప్ ఫైలుది. ఫోల్డర్‌ను జిప్ చేయకూడదు, లోపలి ఫైళ్లను ఎంచుకుని చేయాలి. కోర్సులో ఏమేం ఉన్నాయో చెప్పే మేనిఫెస్ట్ ఫైలు ఏ ఫోల్డర్ లోపలా కాకుండా జిప్ పై వరుసలోనే లేకపోతే అప్‌లోడ్ తిరస్కరిస్తుంది. కోర్సు, ఎల్ఎంఎస్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణం స్కార్మ్. దాని 1.2 వెర్షన్‌లో ఇంకో చిక్కు: నేర్చుకునేవాడు ఎక్కడ ఆగాడో గుర్తుంచుకునే చోటు 4096 అక్షరాలే. కోర్సు మరీ పొడవైతే అది నిండిపోయి, మర్నాడు తెరిస్తే ఆగిన చోటు నుంచి కాక అంతకుముందు సేవ్ అయిన చోటు నుంచే మొదలవుతుంది. ముక్కలు చేయండి, లేదా స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్ వాడండి.

కంపెనీలు పట్టా కంటే ముందు పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల నమూనాలు చూస్తాయి. ప్రతి అసైన్‌మెంట్‌నూ అందుకు పనికొచ్చేలా చేయండి. లెక్చరర్ పోస్టు మీద కన్నుంటే మాత్రం, ఫీజు కట్టకముందే ఆ డిగ్రీకి ఇక్కడ గుర్తింపు ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ప్రశ్న: నా దగ్గర మ్యాక్ ఉంది. ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే స్టోరీలైన్ నడుస్తుందా?
— ఎలక్ట్రానిక్ సిటీ పాఠకుడు

జవాబు: నేరుగా నడవదు, అది విండోస్ ప్రోగ్రామ్. మ్యాక్‌లో పారలల్స్ వేసి దానిలో విండోస్ నడపాలి. అలాంటిదే అయిన రైజ్ మాత్రం బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఉచిత ట్రయల్ 30 రోజులే కాబట్టి స్టోరీబోర్డు (ఏ తెర మీద ఏముండాలో రాసుకున్న ప్లాన్), ఆడియో, బొమ్మలు సిద్ధమయ్యాకే మొదలుపెట్టండి.