దక్షిణాఫ్రికా మెడికల్ ఎయిడ్‌లో 47 ఏళ్ళకు చేరితే చందా 25 శాతం ఎందుకు పెరుగుతుంది?

మెడికల్ ఎయిడ్ అంటే ఇన్సూరెన్సేనా, అది ఎలా పుట్టింది, 47 ఏళ్ళ మనిషి కొత్తగా చేరుతుంటే చందా మీద 25 శాతం అదనంగా ఎందుకు వేశారు అని మూడు ప్రశ్నలు అడిగారు. మొదటి రెండూ తెలిస్తేనే మూడోది అర్థమవుతుంది.

మెడికల్ ఎయిడ్ ఇన్సూరెన్స్ కంపెనీ కాదు. చట్టంలో దీని పేరు మెడికల్ స్కీమ్, అంటే లాభం చూసుకోని సంఘం. డబ్బు సభ్యులది, దాన్ని నడిపించే ట్రస్టీల్లో కనీసం సగం మందిని సభ్యులే ఎన్నుకోవాలి. మనం రోజూ చూసే యాప్, కాల్ సెంటర్ మాత్రం చాలా స్కీముల్లో రోజువారీ పనులు చూసే అడ్మినిస్ట్రేటర్ కంపెనీవి. ఆ కంపెనీ ఫీజు తీసుకుని లాభానికి పనిచేస్తుంది. డిస్కవరీ హెల్త్ అనే కంపెనీ వేరు, డిస్కవరీ హెల్త్ మెడికల్ స్కీమ్ వేరు. చాలామంది సభ్యులకే ఈ తేడా తెలియదు, అందుకే ట్రస్టీల ఎన్నికను పట్టించుకోరు. అది మంచిది కాదు.

మొదలైంది 1889లో, కింబర్లీలో. డి బీర్స్ వజ్రాల గనుల కంపెనీ తన ఉద్యోగుల కోసం బెనిఫిట్ సొసైటీ, అంటే సహాయ నిధి సంఘం, పెట్టింది. తర్వాత వచ్చినవీ చాలావరకు అదే పద్ధతి: ఉద్యోగంతో సభ్యత్వం, జీతంలోంచి చందా. పాతికేళ్ళవాడూ అరవై ఏళ్ళవాడూ ఒకే నిధిలో ఉండేవారు కాబట్టి లెక్క కుదిరేది. అయితే 1970ల చివరిదాకా ఈ రక్షణ దాదాపు తెల్లవారికే దక్కిందన్న సంగతి మరవకూడదు.

1967లో వీటికంటూ ప్రత్యేక చట్టం వచ్చింది. 1989లో దాన్ని సవరించి, సభ్యుడి రిస్కును బట్టి చందా వేయడానికి దారి తెరిచారు. స్కీములు ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ కోసం పోటీపడ్డాయి, వృద్ధులకూ రోగులకూ చందా మోయలేనిదైంది. దానికి విరుగుడే 1998 నాటి మెడికల్ స్కీమ్స్ చట్టం, 2000 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఓపెన్ స్కీము, అంటే ఒక సంస్థ ఉద్యోగులకే పరిమితం కానిది, ఎవరినీ కాదనకూడదు. ఒకే ప్లాన్‌లో ఆదాయాన్నీ కుటుంబసభ్యుల సంఖ్యనూ బట్టే చందా తేడా ఉండాలి, జబ్బును బట్టి కాదు. ఎమర్జెన్సీలకూ, సుమారు 270 జబ్బులకూ, నిర్ణీత దీర్ఘవ్యాధులకూ కనీస వైద్యం ప్రతి ప్లాన్‌లోనూ ఇవ్వాలి.

ఇది న్యాయమైన చట్టమనే నా అభిప్రాయం, కానీ సగమే కట్టిన ఇల్లు. సంపాదించేవాళ్ళందరూ తప్పనిసరిగా చేరాలన్న నియమం రాలేదు. పెద్దవయసు సభ్యులు ఎక్కువున్న స్కీముకు మిగతావి సర్దే ఉమ్మడి నిధి ఆలోచన ఆగిపోయింది. దాంతో ఒంట్లో బాగున్నన్నాళ్ళూ బయట ఉండి, అవసరం వచ్చినప్పుడు చేరేవాళ్ళు పెరిగారు. 2000 ప్రాంతంలో 140కి పైగా ఉన్న స్కీములు విలీనాలతో ఇప్పుడు ఎనభై లోపుకు వచ్చాయి. ప్రభుత్వోద్యోగుల స్కీము జెమ్స్ 2006లో సభ్యులను చేర్చుకోవడం మొదలుపెట్టకపోతే సభ్యుల సంఖ్య ఇంకా తక్కువ ఉండేది. ఇప్పుడు కుటుంబాలతో కలిపి సుమారు 90 లక్షల మంది.

ఆలస్యంగా చేరేవాళ్ళ నుంచి నిధిని కాపాడడానికి చట్టం ఇచ్చిన ఆయుధాలు రెండే. ఒకటి మీరు అడిగిన లేట్ జాయినర్ పెనాల్టీ. చేరేనాటి వయసులోంచి 35 తీసేయండి, 21 ఏళ్ళు దాటాక ఏదైనా దక్షిణాఫ్రికా స్కీములో గడిపిన ఏళ్ళు కూడా తీసేయండి. మిగిలింది 1 నుంచి 4 ఏళ్ళయితే 5 శాతం, 5 నుంచి 14 అయితే 25, 15 నుంచి 24 అయితే 50, 25 లేదా అంతకు మించితే 75. మీ లెక్కలో 47లో 35 పోతే 12, అంటే 25 శాతం. ఇండియాలో ఎన్నేళ్ళు పాలసీ కట్టినా ఇందులో కలపరు. నెలకు 2,500 ర్యాండ్ల చందా మీద 625 అదనం, సభ్యత్వం ఉన్నన్నాళ్ళూ. కొన్ని ప్లాన్లలో చందాలో కొంత మీ సొంత వైద్య ఖర్చులకని సేవింగ్స్ ఖాతాకు పోతుంది, ఆ భాగం మీద మాత్రం వేయకూడదు, బిల్లులో అది సరిచూసుకోండి. ఇదివరకు ఇక్కడి స్కీములో ఉండి కాగితాలు పోయి ఉంటే, వాటికోసం ప్రయత్నించానని చెబుతూ అఫిడవిట్ ఇవ్వొచ్చు.

రెండోది వెయిటింగ్ పీరియడ్. ముందు 90 రోజుల్లో ఏ స్కీములోనూ లేనివారికి మూడు నెలలు ఏ ఖర్చూ ఇవ్వకుండా, ఉన్న జబ్బుకు పన్నెండు నెలలు ఇవ్వకుండా ఆపొచ్చు. ఈ కోవవారికి ఆ గడువులో కనీస వైద్యం కూడా వర్తించదు. రెండో నెలలో యాక్సిడెంట్ అయితే చందా కడుతున్నా ఖర్చు మీదే. అందరూ దెబ్బతినేది ఇక్కడే. కంపెనీ గ్రూపుగా చేరితే తరచూ ఈ గడువు మాఫీ చేస్తారు, కాబట్టి సంతకానికి ముందే హెచ్‌ఆర్‌ను అడగండి.

చేరాక క్లెయిములు తరచూ తిరిగొచ్చేది బిల్లు మీది ఐసీడీ-10 కోడ్ వల్ల, అంటే జబ్బు ఏదో చెప్పే అంతర్జాతీయ కోడ్. డాక్టరు రూములో తప్పు కోడ్ రాస్తే, కనీస వైద్యం కింద రావాల్సింది మీ సేవింగ్స్‌లోంచి పోతుంది. కోడ్ దిద్దించి మళ్ళీ పంపాలి. వైద్యం జరిగిన నెల తర్వాత నాలుగో నెల ఆఖరుకు క్లెయిము చేరాలి, స్కీము 30 రోజుల్లో చెల్లించాలి.

పెనాల్టీ లెక్క తప్పనిపిస్తే, ఎన్ని ఏళ్ళు ఎలా లెక్కేశారో స్కీమునే రాతపూర్వకంగా అడగండి. జవాబు సరిగా లేకపోతే ఆ కాగితం జతచేసి స్కీముల మీద నిఘా ఉంచే కౌన్సిల్ ఫర్ మెడికల్ స్కీమ్స్‌కు ఫిర్యాదు చేయొచ్చు, అందుకు రుసుము లేదు.