‘రెడీ టు బర్న్’ కట్టెలే కదా, మరి పక్కింటావిడ ఎందుకు వద్దంది?

ప్రశ్న: మేం బర్మింగ్‌హామ్‌లో పక్కిళ్లతో గోడలు కలిసిన ఒక పాతకాలపు టెరస్ ఇంట్లో అద్దెకుంటున్నాం. ముందు గదిలో తలుపులేవీ లేని మామూలు ఫైర్‌ప్లేస్ ఉంది. గ్యాస్ బిల్లు చూసి భయమేసి, పెట్రోల్ బంకులో ‘రెడీ టు బర్న్’ అని రాసి ఉన్న కట్టెల సంచి కొన్నాం. రెండు సాయంత్రాలు వెలిగించామో లేదో, మూడో రోజు పక్కింటావిడ తలుపు తట్టి, ఇది స్మోక్ కంట్రోల్ ఏరియా, ఇక్కడ కట్టెలు కాల్చకూడదు అని చెప్పి వెళ్లింది. కాల్చుకోవడానికే అని రాసి అమ్ముతుంటే తప్పెలా అవుతుందని మావారు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు మాదేనా? జరిమానా వేస్తారా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ వీధి స్మోక్ కంట్రోల్ ఏరియాలో ఉంటే పక్కింటావిడ చెప్పింది నిజం. మీవారి వాదన కూడా తీసిపారేసేది కాదు. ఇక్కడ రెండు వేర్వేరు నిబంధనలున్నాయి. ఒకటి అమ్మేవాళ్లకి, ఇంకొకటి కాల్చేవాళ్లకి. నేను ఇరవై ఏడేళ్లు ఒక కౌన్సిల్‌లో పర్యావరణ ఆరోగ్య విభాగంలో పనిచేశాను. చివరి రోజుల్లో పొగ ఫిర్యాదు మీద ఎవరింటికి వెళ్లినా మీ సంచిలాంటి సంచే తెచ్చి చూపించేవారు. దొంగతనం చేసినట్టు వాళ్లు బిక్కమొహం వేస్తే నాకే బాధేసేది, ఎందుకంటే అన్నిచోట్లా కాల్చకూడదన్న మాట సంచి మీద ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు.

2021 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో రెండు ఘనపు మీటర్లకంటే తక్కువగా అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదు. ఆ గుర్తుకి అర్థం అంతే, కట్టె ఆరింది అని. ఏ ఊళ్లో, ఏ పొయ్యిలో కాల్చొచ్చో అది చెప్పదు. ఆ సంగతి చెప్పేది 1993 నాటి క్లీన్ ఎయిర్ యాక్ట్. కౌన్సిల్ స్మోక్ కంట్రోల్ ఏరియాగా ప్రకటించిన చోట ఇంటి పొగగొట్టంలోంచి పొగ రాకూడదు. అక్కడ మీలాంటి ఫైర్‌ప్లేస్‌లో అనుమతి ఉన్న ఇంధనమే వాడాలి. కట్టె ఎంత ఎండినా ఆ జాబితాలోకి రాదు. కట్టెలే కావాలంటే పర్యావరణ శాఖ, అంటే డెఫ్రా, మినహాయింపు ఇచ్చిన స్టవ్ ఉండాలి. స్టవ్ అంటే వంటది కాదు, గాజు తలుపుతో ఉండే ఇనుప పొయ్యి. అందులోనైనా తయారుచేసినవాళ్లు ఏది వేయమన్నారో అదే వేయాలి.

మీ వీధి ఆ పరిధిలో ఉందో లేదో పక్కింటావిడ మాట మీదో, నా మాట మీదో ఆధారపడకండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి, లేదా ఫోన్ చేసి అడగండి. మీరెవరో, ఎందుకడుగుతున్నారో చెప్పాల్సిన పనిలేదు.

ఇక జరిమానా. ఇంగ్లండ్‌లో పొగగొట్టంలోంచి పొగ వస్తే 175 నుంచి 300 పౌండ్ల దాకా వేయొచ్చు. మినహాయింపు లేని పొయ్యిలో వాడటానికి అనుమతి లేని ఇంధనం కొంటే కోర్టులో 1,000 పౌండ్ల దాకా పడొచ్చు. పొగ విషయంలో కౌన్సిల్ మొదట నోటీసు ఇస్తుంది, మీ జవాబు వింటుంది, ఆ తర్వాతే జరిమానా. రెండు సాయంత్రాలు వెలిగించి ఆపేసిన ఇంటి మీదకి నేను పనిచేసిన చోట ఎవరం వెళ్లలేదు. కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. పొగకి జవాబు చెప్పాల్సింది ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లే. ఫైర్‌ప్లేస్ ఇంటివాళ్లదైనా నోటీసు మీ పేరు మీదే వస్తుంది.

‘ఎండిన కట్టె’ అన్నంత మాత్రాన ఎందుకు సరిపోదో ఒకటి చెబుతాను. ఒక పెద్దాయన షెడ్డు పక్కన దుంగలు అందంగా పేర్చి, వేసవంతా ఆరబెట్టానమ్మా అన్నారు. నా దగ్గర తేమ మీటర్ ఉండేది, రెండు సూదులతో అరచేతిలో పట్టేంత. దుంగ పైన గుచ్చితే 17 చూపించింది. ఆయన మొహం వెలిగింది. అదే దుంగని గొడ్డలితో నిలువునా చీల్చమన్నాను. లోపలి ముఖం మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా, తడి గుడ్డలా తగిలింది. అక్కడ గుచ్చితే 34. అలాంటి కట్టె నిప్పులో పడితే కోసిన చివరల నుంచి బుడగలు పొంగుతాయి, సుయ్యిమని చప్పుడొస్తుంది. మంట బలం ముందు ఆ నీళ్లని ఆవిరి చేయడానికే సరిపోతుంది. వేడి చాలక సగం కాలిన వాయువులు దట్టమైన పొగై పైకి పోతాయి, తారై పొగగొట్టం లోపల అంటుకుంటాయి. ఒకరోజు ఆ తారే అంటుకుని పొగగొట్టమే మండుతుంది. ఓక్ లాంటి గట్టి కట్టె ఆరడానికి రెండేళ్లు పడుతుంది.

పూర్తిగా ఆరిన కట్టె ఇంతకంటే ఎన్నో రెట్లు నయం. అయినా ఓపెన్ ఫైర్‌ప్లేస్‌లో గాలి మన అదుపులో ఉండదు, వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టం దారిన పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయేంత సన్నటి పీఎం 2.5 కణాలు వీధిలోకి వస్తాయి. కొంత మీ గదిలోకీ వస్తాయి. ఇంట్లో పిల్లలుంటే దీని గురించి ముందు ఆలోచించండి, జరిమానా సంగతి తర్వాత.

పక్కింటావిడ మీద కోపం పెట్టుకోకండి. నా మొదటి సీనియర్ లండన్‌లో పుట్టి పెరిగినాయన. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా ఊరిని కమ్మేసిన ఆ పొగమంచు నాటికి ఆయన బడికి వెళ్లే పిల్లాడు. చెయ్యి చాపితే వేళ్లు కనబడలేదని, ఇంటికొచ్చాక వాళ్లమ్మ ముక్కు తుడిస్తే రుమాలు నల్లగా అయిందని చెప్పేవారు. గాలి కదల్లేదు, చలికి ఇంటింటా బొగ్గు మండింది, మంచి బొగ్గు ఎగుమతికి పోతే ఇళ్లకి నాసిరకమే మిగిలింది. అప్పట్లో నాలుగు వేలమంది చనిపోయారని లెక్కేశారు, తర్వాతి పరిశోధకులు పన్నెండు వేలదాకా ఉండొచ్చన్నారు. ఆ తర్వాతే 1956లో మొదటి క్లీన్ ఎయిర్ యాక్ట్ వచ్చింది. చంపింది ఫ్యాక్టరీల పొగ ఒక్కటే కాదు, ఇళ్ల పొగ కూడా. అందుకే ఈ చట్టం మీ ముందు గదిదాకా వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. మిగిలిన కట్టెలు స్టవ్ ఉన్న స్నేహితులకి ఇచ్చేయండి. నిప్పు కావాలనే ఉంటే డెఫ్రా జాబితాలో ఉన్న పొగరాని బొగ్గు ఇటుకలు కొనుక్కోండి. మామూలు ఇంటి బొగ్గు కొనాలని వెతక్కండి, ఇంగ్లండ్‌లో సంచుల్లో అమ్మడం 2021లో, విడిగా అమ్మడం 2023లో ఆపేశారు. అంతకన్నా ముందు ఇంటివాళ్లని రెండు విషయాలు అడగండి. ఆ ఫైర్‌ప్లేస్ వాడొచ్చా, పొగగొట్టం ఎప్పుడు శుభ్రం చేయించారు? పక్షి గూడు అడ్డుపడి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలోకే తిరుగుతుంది, దానికి వాసన కూడా ఉండదు. ఆ గదిలో దాని అలారం లేకపోతే పెట్టించమనండి, అది ఇంటివాళ్ల బాధ్యత. దాన్ని పెట్టి, బటన్ నొక్కితే మోగుతోందని చూసుకునేదాకా అగ్గిపుల్ల గీయకండి.

ప్రశ్న: మాది మినహాయింపు ఉన్న స్టవ్వే. అయినా రాత్రిళ్లు పొగ వస్తోందని ఎదురింటివాళ్లు అంటున్నారు. ఎందుకు?
— ఒక పాఠకుడు

జవాబు: పడుకునే ముందు కట్టెలు నిండా పేర్చి, తెల్లవార్లూ నిప్పు నిలవాలని గాలి బాగా తగ్గిస్తున్నారేమో చూసుకోండి బాబూ. గాలి అందని కట్టె మండదు, కుములుతుంది. మినహాయింపు ఉన్న చాలా స్టవ్‌లలో గాలి పూర్తిగా మూసుకోకుండా లోపలే ఒక అడ్డు ఉంటుంది. మీకు అమర్చినవాళ్లు దాన్ని తీసేయలేదు కదా? ఒకసారి చూపించండి. రెండు మూడు చిన్న దుంగలు వేసి మంట బాగా కాలనివ్వండి. చివర్న దాన్ని ఆరిపోనివ్వండి.

ప్రశ్న: స్లౌ పట్టణంలో మా ఇంటి వెనక తోటలో భోగి మంట వేసుకోవచ్చా? పాత మంచం చెక్కలు, సామాను రవాణాకి వాడే చెక్క ప్యాలెట్లు రెండు ఉన్నాయి.
— ఒక పాఠకురాలు

జవాబు: స్మోక్ కంట్రోల్ నిబంధన పొగగొట్టాల గురించి, తోటలో వేసే మంట దాని కిందకి రాదు. కానీ పొగ పదేపదే పక్కవాళ్లని ఇబ్బంది పెడితే 1990 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కౌన్సిల్ ఆపించగలదు. రోడ్డు మీదకి పొగ కమ్మి బండ్లకి ప్రమాదమైతే అదింకో నేరం. మీరు వేసేది ఏడాదికి ఒక్క తెల్లవారుజామున, కాబట్టి అటూ ఇటూ ఉన్నవాళ్లకి ముందురోజే చెప్పండి, గాలి ఎటు వీస్తోందో చూడండి, మంట చిన్నదిగా పెట్టండి.

మంచం చెక్కలకి రంగో వార్నిషో ఉంటే వేయొద్దు. ప్యాలెట్ మీద ముద్ర చూడండి, ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది, ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రొమైడ్ కొట్టింది. రెండోది నిప్పు దరిదాపుల్లోకి రానివ్వకండి. పచ్చటి ఛాయ ఉన్న పాత కంచె చెక్కల్లో ఆర్సెనిక్ ఉండొచ్చు, వాటిని కౌన్సిల్ చెత్త కేంద్రానికి ఇచ్చేయండి. కట్టెలు ముందురోజు రాత్రే పేర్చి ఉంచితే, వెలిగించే ముందు కుప్పని పూర్తిగా విప్పి పక్కకి మార్చి పేర్చండి. జనవరి చలికి హెడ్జ్‌హాగ్‌లు అనే చిన్న ముళ్ల జంతువులు అలాంటి కుప్పల కిందే ముడుచుకుని పడుకుంటాయి.