జర్మనీ బ్లూ కార్డుకి ఏజెంటు అవసరమా?

మీ తమ్ముడికి మ్యూనిక్‌లో ఏడాదికి 46,000 యూరోల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, శ్రావణంలో అంతర్వేదిలో పెళ్లి, ఈలోగా పాలకొల్లు ఏజెంటొకాయన బ్లూ కార్డు (నైపుణ్యమున్న విదేశీయులు జర్మనీలో ఉండి ఉద్యోగం చేసుకునేందుకు ఇచ్చే అనుమతి) ఇప్పిస్తానని మూడు లక్షలు అడుగుతున్నాడు, ఇవ్వాలా అని కదా మీ ప్రశ్న. వద్దండి. నేను భీమవరం పక్క పల్లె నుంచి ఇదే కార్డు మీద వచ్చి స్టుట్‌గార్ట్‌లో పనిచేస్తున్నాను. ఉద్యోగ ఒప్పందం, చెల్లే డిగ్రీ, సరిపడా జీతం ఉంటే కార్డు వస్తుంది. అర్హత లేకపోతే ఏజెంటు కాదు కదా, వాళ్ల బాబు దిగొచ్చినా రాదు. ఇండియా నుంచి వీసా మీద వస్తారు, కార్డు మాత్రం జర్మనీ వచ్చాక ఆ ఊరి విదేశీయుల ఆఫీసు ఇస్తుంది.

ముందు జీతం సంగతి చూడండి. 2026లో మామూలు ఉద్యోగాలకు కనీసం 50,700 యూరోలు ఉండాలి. ఐటీ లాంటి కొరత ఉన్న వృత్తులకీ, చదువు పూర్తయి మూడేళ్లు దాటనివాళ్లకీ 45,934 చాలు. అంటే మీవాడు అరవై యూరోల చిల్లర తేడాతో గట్టెక్కాడు. కానీ ఈ హద్దు ఏటా జనవరిలో మారుతుంది, సాధారణంగా పెరుగుతుంది. పెళ్లి హడావుడిలో పని వచ్చే ఏడాదికి జారితే చిక్కే. కంపెనీని ఓ వెయ్యి, రెండు వేలు పెంచమని ఇప్పుడే అడగమనండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

డిగ్రీ చెల్లుతుందో లేదో అనాబిన్ అనే జర్మన్ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. మనవాళ్లు అక్కడ కాలేజీ పేరు కొట్టి, కనపడక టెన్షన్ పడతారు. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ కాబట్టి దాని పేరుతో వెతకాలి, పక్కన హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందని గుర్తు) అని ఉండాలి. కాకినాడ జేఎన్‌టీయూ విడి యూనివర్సిటీ అయింది 2008లో. అంతకుముందు చదివినవాళ్ల పట్టా మీద పాత జేఎన్‌టీయూ పేరే ఉంటుంది, దాన్నే చూడాలి. సైట్‌లో తేలకపోతే విదేశీ చదువుల్ని అంచనా వేసే జెడ్‌ఏబీ అనే జర్మన్ సంస్థకి 208 యూరోలు కట్టి, మన డిగ్రీ అక్కడి డిగ్రీతో సమానమని పత్రం తెచ్చుకోవచ్చు.

అసలు తలనొప్పి పేర్లతోనండి. నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. డిగ్రీలో ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులోనేమో ఇంటిపేరు గడి ఖాళీ. నేను పాస్‌పోర్టు మార్పించుకున్నాకే దరఖాస్తు పెట్టాను. మీవాడివి అన్నీ ఒక బల్ల మీద పరిచి అక్షరం అక్షరం చూడండి. పెళ్లికూతురివి కూడా. పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు మార్చుకుంటుందా లేదా అన్నది పాస్‌పోర్టు తీయించే ముందే తేల్చుకోండి.

గుడిలో ఇచ్చే పెళ్లి రశీదు భార్య వీసాకి పనికిరాదు. శుభలేఖ, ఫొటోలు, ఇద్దరి టెన్త్ సర్టిఫికెట్లు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించండి, అదీ అప్పగింతల హడావుడి తీరిన వారంలోనే. ఏజెంటు "అమ్మాయి జర్మన్ ఎ1 పాస్ కావాలి, కోచింగ్ మా దగ్గరే" అనొచ్చు. ఎ1 అంటే భాషలో మొట్టమొదటి స్థాయి. బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్యకి వీసా కోసం ఆ పరీక్ష అక్కర్లేదు, వెళ్లాక ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. భాష నేర్చుకోవడం మంచిదే, అది వేరే సంగతి. మీవాడికి మాత్రం భాషతో నేరుగా లాభం ఉంది: ఎ1 స్థాయి ఉంటే 27 నెలలకీ, మధ్యస్థాయి బి1 ఉంటే 21 నెలలకీ శాశ్వత నివాసం అడగొచ్చు.

ఇక ఆ మూడు లక్షలు దాచి ఉంచండి. 46,000 అన్నది కోతలకు ముందు లెక్క, ఒంటరిగా ఉన్నన్నాళ్లూ చేతికి నెలకి సుమారు 2,500 వస్తుంది. అదీ చాలా కంపెనీల్లో నెలాఖరుకే. మ్యూనిక్‌లో ఇల్లు దొరకడమే గగనం, దొరికితే మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ అడుగుతారు.