పర్లాకిమిడి కుర్రాడికి యానిస్ కథ ఎందుకు చెప్పాలి?

మీ ప్రశ్న: "ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 'మీరు బయటివాళ్లు' అంటే మావాడు కుంగిపోతున్నాడు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. ఏం చెప్పాలి?"

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే గ్రీకు ఆటగాడు యానిస్ అంటెటోకుంపో గురించి చెప్పండి. నైజీరియా నుంచి వెళ్లిన దంపతులకు 1994లో ఏథెన్స్‌లో పుట్టాడు. ఇల్లు గడవడానికి అన్నదమ్ములతో కలిసి వీధుల్లో వాచీలు, కళ్లద్దాలు అమ్మాడు. పుట్టిన దేశం 2013లో గానీ పౌరసత్వం ఇవ్వలేదు. అయినా గ్రీకు, నైజీరియా రెండూ తనవేనంటాడు. మీవాడికీ రెండు భాషలూ సొంతమే, ఏదీ దాచుకోనక్కర్లేదు.

కష్టం సంగతా? అతను ఫ్రీ త్రో (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి బంతి వేసే అవకాశం) వేయడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంటే జనం సెకన్లు లెక్కపెట్టి ఎగతాళి చేసేవారు. 2021 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 19 ఫ్రీ త్రోలకి 17 వేశాడు, మొత్తం 50 పాయింట్లు! అతని జట్టు మిల్వాకీ బక్స్ ఛాంపియన్ అయింది. అప్పుడు అన్న థనాసిస్‌దీ ఆ జట్టే.