రిఫరెన్సులు ఎన్ని అడగాలి, ఎవరివి అడగాలి?

ముప్ఫై మంది ఉన్న ఆఫీసులో ఉద్యోగానికి మూడు రిఫరెన్సులు (అభ్యర్థి పని గురించి అడిగితే చెప్పగలిగే మనుషుల పేర్లు), అందులో ఒకటి ఇప్పటి మేనేజర్‌ది, పైగా పాత కంపెనీలన్నిటి రిలీవింగ్ లెటర్లు (ఉద్యోగం నుంచి వదిలిపెట్టామని కంపెనీ ఇచ్చే కాగితాలు). ఇవి లేనిదే ఇంటర్వ్యూకే పిలవొద్దని మీ సారు అంటున్నారు, ఇది సబబేనా అని అడిగారు. హైదరాబాద్‌లో చిన్న కంపెనీల్లో చాలా ఏళ్లుగా హెచ్‌ఆర్ పనే చేస్తున్నాను. నన్నడిగితే రెండు చాలు. అవీ ఆఫర్ ఇద్దామనుకున్నాకే అడగండి. ఇప్పటి మేనేజర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

మీరు ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా అక్కడ అందరికీ తెలిసిపోతుంది. తీరా మీ దగ్గర ఖాయం కాకపోతే ఆ మనిషి రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. అప్రైజల్ నెల అయితే ఇంక చెప్పక్కర్లేదు. అంతకుముందు కంపెనీలో టీమ్ లీడో, ఇప్పటి కంపెనీ నుంచి ఈమధ్యే వెళ్లిపోయిన సీనియరో చాలు. ఫ్రెషర్ అయితే ప్రాజెక్ట్ గైడ్.

ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానేశాడు అన్నవి మనుషుల్ని అడగడం దండగ, కాగితాలే చెబుతాయి. అమీర్‌పేట చుట్టుపక్కల దొంగ ఎక్స్‌పీరియెన్స్ అమ్మేవాళ్ల గురించి వినే ఉంటారు. లెటర్‌హెడ్, పేస్లిప్పులు, ఫోనెత్తి "అవునండీ, మా దగ్గరే చేశాడు" అనే మనిషి, అన్నీ కలిపి ప్యాకేజీ. అలాంటివాణ్ని పది రిఫరెన్సులు అడిగినా పదీ తెస్తాడు. దొరకనిది నిజాయితీగా పని చేసుకునేవాడికే. అదే పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా పడిన జమని పుట్టించడం అంత తేలిక కాదు. అభ్యర్థినే తన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబర్) సర్వీస్ హిస్టరీ, అంటే ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశాడో చూపే పేజీ, తెరిచి చూపించమనండి, పాస్‌వర్డ్ అడగొద్దు. 20 మంది కూడా లేని సంస్థల్లో పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి, అది లేదని అనుమానించక్కర్లేదు. జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు చూపిస్తే చాలు, మిగతా లావాదేవీలు కొట్టేసి ఇమ్మనండి.

రిలీవింగ్ లెటర్ విషయంలోనూ అంత పట్టుదల వద్దు. మూడు నెలల నోటీస్ పూర్తి చేయలేదని ఒకమ్మాయికి పాత కంపెనీ లెటర్ ఆపేసింది. ఆమె రాజీనామా మెయిల్, దానికి వాళ్లిచ్చిన జవాబు, పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం మానేసిన తేదీ) చూసి తీసుకున్నాం. ఆ డేట్ కంపెనీ వేయకపోతే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. చాలామందికి ఇది తెలియక టెన్షన్ పడుతుంటారు.

ఇక ఫోన్‌లో ఏం అడగాలంటే, "ఎలాంటివాడండీ?" అంటే "మంచి కుర్రాడండీ" తప్ప ఇంకేమీ రాదు. పని గురించి సూటిగా అడగాలి. "పని లేటయ్యేట్టుంటే తనే ముందు చెప్పేవాడా, మీరు అడిగితే చెప్పేవాడా?" అని ఒక టీమ్ లీడ్‌ని అడిగాను. ఆయన నవ్వేసి, "రెండోసారి అడిగితే చెప్పేవాడండీ. కానీ చేసి ఇచ్చాడంటే మళ్లీ చూసుకోక్కర్లేదు" అన్నారు. అబ్బాయిని తీసుకున్నాం. రోజూ సాయంత్రం ఒకసారి పలకరించమని అతని కొత్త లీడ్‌కి చెప్పి పెట్టాం. నా దృష్టిలో రిఫరెన్స్ అసలు ఉపయోగం ఇదే, వడపోతకన్నా ఇలాంటివి తెలుసుకోవడానికే పనికొస్తుంది. అందరికీ అవే ప్రశ్నలు వేయండి. మనవాళ్ల మాటల్లో ఊరు, కులం, పెళ్లి సంబంధాలు దొర్లుతూనే ఉంటాయి, అక్కడే మాట మార్చేయండి, ఫైల్లో ఎక్కించొద్దు.

రిఫరెన్స్ ఇచ్చినాయన ఫోనెత్తకపోతే ఒక మెయిల్ పెట్టి రెండు రోజులు ఆగండి. అప్పటికీ పలక్కపోతే ఇంకో పేరు ఇమ్మని అభ్యర్థినే అడగండి. ఆయన పలకలేదని ఆఫర్ మాత్రం ఆపకండి.