పేద దేశాల్లో వైద్య ఖర్చును ఒక్కో చికిత్సకు విడివిడిగా లెక్కగడితే ఏం లాభం?

బడ్జెట్ కాగితం మీద జీతాలు ఇంత, మందులు ఇంత, కరెంటు ఇంత అని ఉంటుంది. ఒక కాన్పుకు ఎంతైంది, ఒక క్షయ రోగికి నయం చేయడానికి ఎంతైంది అన్నది అందులో దొరకదు. ఆ లెక్క తీస్తేనే డబ్బు ఎక్కడ కారిపోతోందో తెలుస్తుంది.

అందుకు 2004లో వ్యాపార ఖర్చుల లెక్కల నిపుణులు రాబర్ట్ కాప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ ప్రతిపాదించిన సమయాధారిత పద్ధతి, అంటే పనికి పట్టే సమయాన్ని బట్టి ఖర్చు లెక్కగట్టే పద్ధతి, బాగా పనికొస్తుంది. నర్సు జీతాన్ని ఆమె నిజంగా పనిలో ఉండే నిమిషాలతో భాగిస్తే నిమిషం ఖరీదు వస్తుంది. ఇక చీటీ రాసే చోటు నుంచి మందులిచ్చే కిటికీ దాకా రోగి వెంటే ఉండి, ఎవరు ఎన్ని నిమిషాలు వెచ్చించారో రాసుకోవాలి. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గడియారం, నోటుపుస్తకం ఉన్నా మొదలుపెట్టవచ్చు. డాక్టరు సమయమంతా ఫారాలు నింపడానికే పోతోందని తేలితే ఆ పని గుమాస్తాకు అప్పగించవచ్చు. రోజుకు ముగ్గురికే వాడే ఎక్స్‌రే యంత్రాన్ని ముప్పై మందికి వాడితే ఒక్కో పరీక్ష ఖర్చు ఎంత తగ్గుతుందో కూడా కనిపిస్తుంది.

దేశస్థాయిలో థాయ్‌లాండ్‌ను చూడండి. 2002లో అందరికీ వైద్యం పథకం తెచ్చినప్పుడు సేవల వాడకం, ఒక్కో సేవకయ్యే ఖర్చు లెక్కగట్టి తలకు ఏడాదికి 1,202 బాత్‌లు (అక్కడి కరెన్సీ) కేటాయించారు.

ఒక మెలిక ఉంది. విరాళంగా వచ్చిన మందులను సున్నా ఖర్చుగా రాస్తే, దాత తప్పుకున్న రోజు అసలు బిల్లు నెత్తిన పడుతుంది. పైగా పరీక్షలు చేయకుండానే రోగిని పంపేసే కేంద్రం కూడా కాగితం మీద పొదుపుగానే కనిపిస్తుంది. ఎంతమందికి నయమైందో పక్కన రాయని అంకెను నేనైతే నమ్మను.